సజ్జ కంకి మీద జిగురు: పేనుబంక కాదు, తేనెబంక తెగులు

ప్రశ్న: రెండెకరాల్లో సజ్జ వేశాను. సగం పైరు పూతలో ఉంది, మిగతాది ఇప్పుడే కంకి తీస్తోంది. వారం నుంచి ముసురు. కంకుల మీద జిగురు కారుతోంది, ఈగలు, చీమలు, తేనెటీగలు పడుతున్నాయి. దుకాణంలో అడిగితే పేనుబంక అని ఇమిడాక్లోప్రిడ్ ఇచ్చారు. రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. ఇంకేం కొట్టాలి? ఫొటోలు పంపుతున్నాను.
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: ముందు ఆ పురుగుమందు ఆపండి. పేనుబంక అంటే రసం పీల్చి జిగురు విసర్జించే చిన్న పురుగు, మీ ఫొటోల్లో అలాంటి పేను ఒక్కటి కూడా లేదు. గింజ కట్టాల్సిన పువ్వుల్లోంచి గులాబీ రంగు బొట్లు కారుతున్నాయి. ఇది తేనెబంక తెగులు (ఎర్గాట్), శిలీంధ్రం వల్ల వచ్చేది. ఈగల వల్ల జిగురు రాలేదు, జిగురు తీపికి ఈగలు వచ్చాయి. కంకి చూడకుండానే డబ్బా చేతిలో పెట్టేవారి మాట విని రెండుసార్లు డబ్బు పోసుకున్నారు.

అలాగని పురుగుల ప్రమేయం లేదనుకోకండి. ఆ బొట్ల నిండా శిలీంధ్ర బీజాలే. వాలిన ఈగ కాళ్లకు అంటించుకుని పక్క కంకికి చేరుస్తుంది, వాన చినుకులూ అదే పని చేస్తాయి. పుప్పొడి పడని పువ్వుకే తెగులు సోకుతుంది, 5–7 రోజుల్లో అదీ బొట్లు కారుస్తుంది. ఈగల్ని చంపి దీన్ని ఆపలేరు, పొరుగు చేల నుంచి మళ్లీ వస్తాయి. పూత మీద కొట్టే పురుగుమందుకు తేనెటీగలు బలైపోతాయి.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. ఫొటోలో వెనక గట్టు మీద అంజన్ గడ్డి వెన్ను తీసి ఉంది. ఈ శిలీంధ్రం ఆ గడ్డి మీదా బతుకుతుంది. సజ్జ కన్నా ముందు పూసిన గడ్డి మీద జిగురు కడితే, అక్కడ వాలిన ఈగే మీ మొదటి కంకికి తెగులు మోసుకొస్తుంది. చేనంతా తిరిగి చూసే రైతు గట్టు వైపు చూడడు! వెన్నుల్లో జిగురుంటే, తడి ఆరాక కోసి, చేలోంచి నడవకుండా అవతలికి తీసుకెళ్లి కాల్చండి. పశువులకు వేయొద్దు. వచ్చే ఏడు వెన్ను తీయకముందే కోయండి, అప్పుడది మంచి మేత.

జిగురు కారే కంకులు ఏ మందుకూ బాగుపడవు, వాటినీ కోసి కాల్చేయండి. ఇప్పుడే కంకి తీస్తున్న భాగాన్ని కాపాడుకోవాలి. 5–10 శాతం పూతలో ఒకసారి, 50 శాతం పూతలో మరోసారి లీటరు నీటికి శిలీంధ్రనాశిని మందు మాంకోజెబ్ 2.5 గ్రా. లేదా కార్బండజిమ్ 1 గ్రా. కలిపి, ఎకరాకు 200 లీటర్ల ద్రావణం వాన లేని సాయంత్రం పిచికారీ చేయండి. రెండుసార్లు చాలు. అందులో టానిక్కులు, పురుగుమందులు కలపొద్దు.

మిగిలిపోయిన జబ్బు కంకుల్లో గింజ బదులు నల్లటి గట్టి ముద్దలు తయారవుతాయి. అవి విషం. తింటే వాంతులు, తల తిరగడం. ఆ ముద్దలు కలిసిన గింజలు ఇంట్లోకి గానీ, దాణాలోకి గానీ రానివ్వొద్దు.

ఈ చేను విత్తనం దాచుకోవద్దు. వచ్చే ఏడు వేరే చేలో సజ్జ వేస్తే, బయటి విత్తనమైనా సరే, 10 లీటర్ల నీటిలో కిలో ఉప్పు కరిగించి అందులో పోసి, తేలినవి తీసేయండి. మునిగిన గింజను మంచినీటితో రెండు మూడుసార్లు కడిగి, నీడలో ఆరబెట్టి, కిలోకు 3 గ్రా. థైరమ్ (శిలీంధ్రనాశిని) పట్టించి విత్తండి. ఈ చేలో మాత్రం లోతుగా దున్ని కందో పెసరో వేయండి.