ర్యాప్ రాస్తున్న మనవరాలికి ఒక రాజకీయ వంత ఉత్తరం

చిరంజీవి మనవరాలికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పంపిన పాట నాలుగుసార్లు విన్నాను. మొదటిసారి మాటలు అందలేదు. రెండోసారి మీ నాయన ఫోను దగ్గరగా పెట్టి వినిపించాడు. ఆ తర్వాత కాగితం మీద రాసుకుంటూ ఒకసారి, కళ్లు మూసుకుని కాలితో తాళం వేసుకుంటూ ఇంకొకసారి విన్నాను. లయ నీకు పట్టుబడింది కాబట్టి ఆ విషయంలో నేను చెప్పవలసింది లేదు. మన చెరువును ప్లాట్లుగా కోసి అమ్ముకుంటున్నవాళ్లను నిలదీయాలన్న నీ పట్టుదల కూడా న్యాయమైనదే. అయితే రాజకీయం చెప్పే పాటలో లయా కోపమూ రెండూ ఉన్నా, "నీకెలా తెలుసు?" అని ఎదుటివాడు అడిగిన ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ పాట నిలబడదని నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఈ ఉత్తరమంతా ఆ దెబ్బ గురించే అనుకో.

నేను ఇరవై రెండేళ్లు బుర్రకథ దళంలో కుడిపక్క నిలబడ్డాను. మధ్యలో కథకుడు తంబూరా మీటుతూ కథ నడుపుతుంటే ఎడమపక్క వంత హాస్యం చెబుతాడు, కుడిపక్క వంత రాజకీయం చెబుతాడు. అల్లూరి సీతారామరాజు కథ రసపట్టులో ఉన్నప్పుడు కూడా కథను ఒక్క క్షణం ఆపి, ఆ ఊరి రేషన్ బియ్యం గురించి మాట్లాడే హక్కు ఆ కుడిపక్కవాడికి ఉంటుంది. మీరు ఇప్పుడు మైకు పట్టుకుని చేస్తున్న పని మా కళలో ఎప్పుడో ఒక మనిషికి అప్పగించిన పనే కాబట్టి, నీ పాట నాకు పరాయిదిగా అనిపించలేదు.

ఒక ఊళ్లో కథ చెప్పడానికి వెళ్లినప్పుడు, సాయంత్రం టీ కొట్టు దగ్గర ఎవరో చెప్పిన మాట పట్టుకుని, రేషన్ డీలరు ఈ నెల నలభై బస్తాల బియ్యం నల్లబజారుకు తరలించాడని రాత్రి గుమ్మెట మోగిస్తూ చెప్పేశాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే డీలరు కూతురు, పదిహేనేళ్ల పిల్ల, లాంతరు పట్టుకుని రిజిస్టరుతో సహా అరుగు దగ్గరికి వచ్చి, ఆ షాపుకు నెలకు వచ్చే మొత్తం కోటాయే ఇరవై రెండు బస్తాలని పేజీ తీసి చూపించింది. జనం ఈసారి నన్ను చూసి నవ్వారు. ఆ డీలరు తూకంలో కిలోకు కొంత కొట్టేస్తున్నమాట నిజమే, ఊరందరికీ తెలిసిన నిజం. కానీ నా నోట వచ్చిన తప్పుడు అంకె పుణ్యమా అని ఆ రాత్రి అతను నిర్దోషిగా ఇంటికి వెళ్లాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

నువ్వు తరచుగా చెప్పే అమెరికా గాయకుల గురించి నాకు పెద్దగా తెలియదు. మన పుత్తూరులో రైలెక్కితే నగరి, తిరుత్తణి దాటాక వచ్చే అరక్కోణం కుర్రవాడు, తమిళ ర్యాపర్ అరివు సంగతి మాత్రం శ్రద్ధగా తెలుసుకున్నాను. దర్శకుడు పా. రంజిత్ పూనికతో చెన్నైలో ఏర్పడి 2018 జనవరిలో తొలి కచేరీ చేసిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందంలో అతను పాడాడు. కులాన్ని పేరు పెట్టి ప్రశ్నించిన బృందం అది. 2019లో అతను తెచ్చిన ఆల్బమ్ పేరు 'తెరుక్కురల్'. తమిళుల నీతి పద్యాల గ్రంథం తిరుక్కురళ్ పేరును కొద్దిగా మార్చి దాన్ని వీధి గొంతుగా చేసిన ఆ చమత్కారం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే తన వెనుక ఉన్న సాహిత్యాన్ని చదివినవాడికే అటువంటి మాట తడుతుంది. నువ్వు వేమనను ఎంతవరకు చదివావో నేను అడగను గాని, పుస్తకం ఇంట్లోనే ఉంది.

అతని 'ఎంజాయ్ ఎంజామి' 2021 మార్చిలో వచ్చింది. అతని అవ్వ వళ్లియమ్మాళ్ శ్రీలంక టీ తోటల్లో కూలి చేసిన మనిషి. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి, శ్రీలంక ప్రధాని సిరిమావో బండారనాయకే కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం అక్కడి తోట కూలీల కుటుంబాల్లో 5,25,000 మందిని భారతదేశం తీసుకోవడానికి అంగీకరించింది. తరాల తరబడి కొండలను పచ్చగా చేసిన జనం చేతిలో సెంటు భూమి లేకుండా తిరిగివచ్చారు. ఈ అంకె ఏ చరిత్ర పుస్తకంలోనైనా దొరుకుతుంది. పాటలో మాత్రం అయిదు చెట్లు పెంచిన ఒక మనిషి ఉంది, తోట కళకళలాడుతున్నా తన గొంతు తడవలేదని చెప్పుకునే ఒక గొంతు ఉంది, చావు ఇంట పాడే ఒప్పారి శోకం ఉంది. ఆ అయిదు చెట్లను కాదనడానికి ఎవరూ రిజిస్టరు పట్టుకురాలేరు, ఎందుకంటే సాక్షి ఇంట్లోనే కూర్చుని ఉంది. అతను ప్రభుత్వాన్నీ, చట్టాలనూ సూటిగా నిలదీసిన పాటలు కూడా రాశాడు, వాటికీ ధైర్యం కావాలి. అయినా నా మట్టుకు నాకు ఈ ముసలమ్మ పాటలోనే రాజకీయం ఎక్కువ వినబడింది.

ఇప్పుడు నీ కాగితం ముందు పెట్టుకో. రెండో చరణంలో "వేల ఎకరాలు మింగారు" అన్నావు. మన చెరువు మొత్తం కలిపినా వేల ఎకరాలు ఉండదు తల్లీ. తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి ఊరి భూముల లెక్క ఉండే అడంగల్ చూసి, చెరువు విస్తీర్ణమెంతో, అందులో ఇప్పుడు రాళ్లు పాతినది ఎంతో రాసుకో; చేతిరాత కాపీ కాకుండా, సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి ముద్ర ఉన్న కాగితమే తీసుకో. ఆ తర్వాత ఆ అంకె పాటలో పెడతావో పెట్టవో నీ ఇష్టం. పడమటి తూము మూసేసి దానిమీద సెక్యూరిటీవాడి రేకుల గది కట్టారని నువ్వే కిందటిసారి చెప్పావు. అది పాటలో ఎక్కడా లేదు. వేల ఎకరాలకంటే ఆ ఒక్క రేకుల గది బలమైనది.

ప్రాస గురించి కూడా ఒక మాట. నీ పంక్తులన్నీ వచ్చారు, మింగారు, అమ్మారు, పోయారు అని ముగుస్తున్నాయి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి క్రియల తోకలు కలపడం చాలా తేలిక, తేలిక కాబట్టే చెవికి త్వరగా విసుగు పుడుతుంది. మన పద్యానికి బలం రెండో అక్షరంలో ఉంది. తమిళులు దాన్నే ఎదుగై అంటారు. "కట్టకు గండి, పట్టాకు ముద్ర, చుట్టూ సర్వే రాళ్లు, పుట్టెడు పండే మడికి ప్లాటు నెంబరు" అని నీ బీటు మీద ఒకసారి పలికి చూడు. నాలుగు దెబ్బలకు నాలుగు ట్టకారాలు పడతాయి, ఎవరినీ తిట్టనవసరం లేకుండానే కొట్టినట్టు ఉంటుంది. ఇది నచ్చకపోతే పారేయి, నాకేమీ కోపం లేదు.

భయపెట్టడానికి కాదు గాని చట్టం సంగతి తెలిసి ఉండడం మంచిది. 2023 ఏప్రిల్‌లో మహారాష్ట్రలో రాజ్ ముంగాసే, ఉమేశ్ ఖాడే అనే ఇద్దరు ర్యాపర్ల మీద వాళ్ల రాజకీయ పాటలకు వేరువేరుగా పోలీసు కేసులు పెట్టారు. ముంగాసే పాటలో ఏ నాయకుడి పేరూ లేదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మాటలు పెడితే శిక్షించే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షనును సుప్రీంకోర్టు 2015లో కొట్టివేసినా, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పరువునష్టానికి 356, వర్గాల మధ్య వైరం పెంచడానికి 196 ఉన్నాయి. ఆ 356 కింద పెట్టే పరువునష్టం కేసులో నువ్వు చెప్పినది నిజమని చూపితే మాత్రమే చాలదు, దాన్ని చెప్పడం ప్రజల మేలుకని కూడా చూపాలి. ముద్ర ఉన్న కాగితం తీసుకోమని అందుకే అన్నాను. ఒక మనిషి చేసిన పనిని ఎంతైనా విమర్శించు, అతని కులాన్నీ ఇంటి ఆడవాళ్లనూ మాత్రం పాటలోకి తేవద్దు. మొదటి డ్రాఫ్టులో ఉన్న ఆ ఒక్క పంక్తిని నువ్వే కొట్టేశావని మీ నాయన చెప్పినప్పుడు నాకు సంతోషం వేసింది.

స్టూడియోకు వెళ్లేముందు మాట ఎవరిది, బాణీ ఎవరిది, వచ్చే సొమ్ములో ఎవరికెంత అన్నది కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టించుకో. బీటు చేసే అబ్బాయి నీ స్నేహితుడే కాబట్టి అడగడానికి మొహమాటంగా ఉంటుందని నాకు తెలుసు, అయినా అడుగు. 2022 జూలైలో చెన్నై చెస్ ఒలింపియాడ్ ప్రారంభోత్సవంలో ఆ వళ్లియమ్మాళ్ పాటను అరివు లేకుండానే పాడారు. ఆపైన అందులో ఎవరి పాలు ఎంత అన్నదానిపై అరివు, సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్, గాయని ధీ తలా ఒక ప్రకటన చేయవలసి వచ్చింది. తోట నాటి గొంతు తడవని మనుషుల గురించిన పాటకే ఆ తగవు రావడం చూసి నాకు మనసు బరువెక్కింది. కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణతో, పాట హక్కులు కొనుక్కున్నవాళ్లతో సమానంగా రాయల్టీ అందుకోవడం రచయితకూ స్వరకర్తకూ వదులుకోలేని హక్కుగా ఏర్పడింది. ఆ హక్కును లాగేసుకునే కాగితం ఎవరైనా చేతికిస్తే, నాకు చూపించకుండా సంతకం చేయవద్దు.

దసరా సెలవులకు నువ్వు వస్తావని మీ అమ్మ చెప్పింది. అప్పటికి అడంగల్ కాపీ, రెండో చరణం కొత్త ప్రతి రెండూ తీసుకురా. నా గుమ్మెట అటక మీద ఉంది. తోలు వదులైపోయింది గాని ఎండలో పెడితే మోగుతుంది. నువ్వు పాడుతుంటే కుడిపక్క కూర్చుని రెండు దెబ్బలు వేయాలని ఉంది.

ఇట్లు,
మీ తాత