ఇంటి పద్దుల రిపోర్టు ఖాళీగా వస్తోంది, ఎందుకు?

ప్రశ్న: హెచ్‌లెడ్జర్‌లో (టెక్స్ట్ ఫైలులో రాసిన పద్దులను కమాండ్లతో లెక్కగట్టే ప్రోగ్రామ్) ఇంటి లెక్కలు రాస్తున్నాను. ఖాతాలకు 'ఖర్చులు:కూరగాయలు', 'ఆదాయం:జీతం' అని తెలుగు పేర్లే పెట్టాను. బ్యాలెన్స్ కమాండ్‌లో అన్నీ కనిపిస్తున్నాయి, ఆదాయ వ్యయాలు చూపే ఇన్‌కమ్‌స్టేట్‌మెంట్ కమాండ్ మాత్రం సున్నా చూపిస్తోంది. పైగా, 2025 మార్చి 31 వరకు అని బ్యాలెన్స్ తీస్తే పీపీఎఫ్ వడ్డీ రావడం లేదు.
- ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: తెలుగు పేర్లు మార్చకండి, అవి అలాగే ఉండాలి. ఏది ఆదాయమో ఏది ఖర్చో హెచ్‌లెడ్జర్ మామూలుగా ఎక్స్‌పెన్సెస్, ఇన్‌కమ్, ఎసెట్స్ వంటి ఇంగ్లిష్ పేర్లను బట్టి పోల్చుకుంటుంది. బ్యాలెన్స్ కమాండ్‌కు ఆ విభజనతో పనిలేదు కాబట్టి అక్కడ అన్నీ వచ్చాయి.

జర్నల్ ఫైలు (మీరు పద్దులు రాసే ఫైలు) మొదట్లో ఒక్కో ప్రధాన ఖాతాకు ఒక్కో లైను రాయండి: అకౌంట్ అన్న పదం, ఖాతా పేరు, రెండు ఖాళీలు, సెమికోలన్, టైప్ అన్న పదం, కోలన్, రకం అక్షరం. ఖాతా పేరు తప్ప మిగతావి ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి. ఖర్చులకు ఎక్స్, ఆదాయానికి ఆర్, ఆస్తులకు ఏ, అప్పులకు ఎల్. ఆ రెండు ఖాళీల దగ్గరే చాలామంది పొరబడతారు. ఒక్కటే పెడితే మిగతాదంతా ఖాతా పేరులో కలిసిపోతుంది. ఉపఖాతాలకు విడిగా రాయక్కర్లేదు. అకౌంట్స్ కమాండ్‌కు టైప్స్ ఆప్షన్ ఇచ్చి సరిచూసుకోండి.

ఇక వడ్డీ సంగతి. పీపీఎఫ్ వడ్డీ జమయ్యేది మార్చి 31న. హెచ్‌లెడ్జర్ ముగింపు తేదీని లెక్కలోకి తీసుకోదు, ముందు రోజుతో ఆగిపోతుంది. 2025-03-31 అంటే 30 వరకే. అందుకే ముగింపుగా 2025-04-01 ఇవ్వాలి.

ప్రశ్న: కరెంటు బిల్లు ₹1,840, పాలకు ₹500 రాశాను. మొత్తం ₹501,840 అని వచ్చింది!
- ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: అంకెలో కామా ఒక్కటే ఉండి చుక్క లేకపోతే, హెచ్‌లెడ్జర్ ఆ కామాను దశాంశ బిందువనుకుంటుంది. మీ 1,840 దానికి ఒక రూపాయి 84 పైసలు. దానికి 500 కలిపి, అదే కామాతో 501,840 అని చూపించింది. విడిగా చూస్తే బిల్లు సరిగ్గానే కనిపిస్తుంది, అందుకే ఈ తప్పు నెలల తరబడి దొరకదు.

ఫైలు మొదటి లైనులో డెసిమల్-మార్క్ అని ఇంగ్లిష్‌లో రాసి, ఖాళీ వదిలి, చుక్క పెట్టండి. దాని కింద కమోడిటీ అన్న పదం పక్కన ₹1,00,00,000.00 అని నమూనా ఇస్తే రిపోర్టులన్నీ మన లక్షలు, కోట్ల పద్ధతిలో వస్తాయి. బ్యాంకు ఇచ్చే లావాదేవీల సీఎస్‌వీ ఫైలును దిగుమతి చేసుకుంటుంటే, దాన్ని ఎలా చదవాలో చెప్పే రూల్స్ ఫైలులోనూ డెసిమల్-మార్క్ విడిగా చెప్పండి.