మామూలు పెట్రోల్ ఇంజన్‌కు టర్బో: ఎంత బూస్ట్ దగ్గర ఆగాలి

చిరంజీవి కిరణ్‌కు మేనమామ ఆశీస్సులు.

నీ 1.2 లీటర్ల పెట్రోల్ కారు ఇంజన్‌ను విప్పకుండా, లోపలి పిస్టన్లూ రాడ్లూ కంపెనీవే ఉంచి టర్బో (ఎగ్జాస్ట్ వాయువుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని నొక్కే పంపు) బిగిస్తే ఎంత బూస్ట్ (వాతావరణ పీడనానికి మించి ఆ గాలికి వచ్చే ఒత్తిడి) వరకు నమ్మకంగా నడుస్తుందని అడిగావు. ముందు అంకె చెప్పి, కారణాలు తర్వాత రాస్తాను. కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో మిశ్రమం ఎన్నో వంతుకు నొక్కబడుతుందన్న లెక్క) 11:1 ఉన్న నీ ఇంజన్‌కు 0.3 బార్, అంటే గేజీ మీద నాలుగు పీఎస్‌ఐకి కాస్త పైన, చాలు. టర్బో గాలిని చల్లబరిచే మంచి ఇంటర్‌కూలర్ పెట్టి, డైనో (ఇంజన్ శక్తిని కొలిచే యంత్రం) మీద ఓపికగా ట్యూన్ చేయిస్తే 0.4 వరకు ఒప్పుకుంటాను. గాజువాక ఆటోనగర్‌లో నీకెవరో చెప్పిన 0.8 బార్ మాట మాత్రం మరచిపో. అంత బూస్ట్‌తో బండి అసలు తిరగదని కాదు; తిరిగినన్నాళ్లూ ఎప్పుడు ఆగుతుందో తెలియకుండా తిరుగుతుంది.

అయినా బార్ల లెక్క ఒక్కటే చూసుకుంటే మోసపోతావు, ఎందుకంటే గేజీ గాలి ఒత్తిడిని చూపిస్తుందే గానీ ఆ గాలి ఎంత వేడెక్కిందో చూపించదు. సైకిల్ పంపు గబగబా కొడితే గొట్టం కాలినట్టే టర్బో నొక్కిన గాలీ కాలుతుంది. మన విశాఖలో ఎండాకాలపు మధ్యాహ్నం 35 డిగ్రీలున్న గాలిని 0.5 బార్ బూస్ట్‌కు నొక్కితే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకున్నా, అది దాదాపు 90 డిగ్రీల వేడితో బయటికి వస్తుంది. తన పరిధి దాటి తిరిగే చిన్న టర్బో అయితే సామర్థ్యం ఇంకా పడిపోయి, అదే బూస్ట్ దగ్గర గాలి మరింత కాలుతుంది. ఆ గాలి ఇంటర్‌కూలర్ లేకుండా నేరుగా 11:1 కంప్రెషన్‌లోకి వెళ్లడమే నాకింగ్‌కు దారి.

నాకింగ్ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే బూస్ట్ పెట్టిన మామూలు ఇంజన్లు ఎక్కువగా పోయేది దీనివల్లనే. మంచిగా మండేటప్పుడు మంట ప్లగ్గు దగ్గర మొదలై క్రమంగా అంచులకు పాకుతుంది, పిస్టన్ కిందికి దిగడం మొదలుపెట్టాక ఒత్తిడి పతాక స్థాయికి చేరుతుంది. బూస్ట్ వల్ల ఆ ఒత్తిడి పెరిగినా నునుపుగానే పెరుగుతుంది గనుక లోహం చాలావరకు ఓర్చుకుంటుంది. గాలి మరీ వేడిగా ఉన్నా, టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పు వేసే క్షణం, మరీ ముందుకు ఉన్నా, మంట ఇంకా చేరని మూల మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా అంటుకుని పిస్టన్ అంచును సుత్తితో మోదినట్టు మోదుతుంది. మొదట విరిగేది సాధారణంగా మొదటి, రెండవ రింగుల మధ్య ఉండే సన్నని అంచు. బయటికి ఏ శబ్దమూ వినిపించకుండానే అది చిట్లవచ్చు. ఆ తర్వాత సైలెన్సర్ నుంచి నీలిపొగ, ప్లగ్గు మీద నూనె, ఒక సిలిండర్‌లో కంప్రెషన్ పడిపోవడం కనిపిస్తాయి.

ఈ చిక్కు కొత్తది కాదు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ సంస్థ జెట్‌ఫైర్ అనే కారులో 3.5 లీటర్ల వీ8 ఇంజన్‌కు టర్బో పెట్టి, కంప్రెషన్‌ను 10.25:1 వద్దనే ఉంచింది. బూస్ట్ ఐదు పీఎస్‌ఐ చుట్టుపక్కలే, అయినా నాకింగ్ రాకుండా డిస్టిల్డ్ వాటర్, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజన్ పీల్చే గాలిలోకి పంపవలసి వచ్చింది. ఆ ట్యాంకు నింపడం చాలామంది యజమానులు పట్టించుకోలేదు. 1963 తర్వాత ఆ కారే లేదు. ఆ రోజుల్లో లేని ఈసీయూలూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్లు), నాకింగ్‌ను పసిగట్టే నాక్ సెన్సర్లూ ఇప్పుడు ఉన్నాయి కాబట్టే నీకు 0.3 అయినా చెప్పగలుగుతున్నాను. డీజిల్ ఇంజన్లు ఇంతకు ఎన్నో రెట్ల బూస్ట్ మోస్తాయి కదా అంటావేమో. షిప్‌యార్డులో నా ఉద్యోగమంతా వాటితోనే గడిచింది. వాటిలో నొక్కేది ఒట్టి గాలిని, ఇంధనం పడేది చివర్లో. ముందుగా అంటుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. ఆ లెక్క పెట్రోల్‌కు తెచ్చి అతికించవద్దు.

ఇక పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ల సంగతి. ఎక్కువ ఆర్‌పీఎం రాడ్‌ను సాగదీస్తుంది, ఆ లాగుడు వేగపు వర్గంతో పాటు పెరుగుతుంది. బూస్ట్ మాత్రం రాడ్‌ను పైనుంచి నొక్కుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో ఒక్కసారిగా వచ్చే టార్క్ రాడ్‌ను వంచడానికి ఎక్కువ అవకాశమిస్తుంది కాబట్టి 3,000 ఆర్‌పీఎం లోపల పూర్తి బూస్ట్ రాకుండా ట్యూన్ చేయించు. నీకు ఇప్పుడు దాదాపు 115 న్యూటన్ మీటర్ల టార్క్ వస్తోంది. 145 దగ్గర గీత గీసుకో. కంపెనీలు ఒక లీటరు టర్బో ఇంజన్‌తోనే 170కి పైగా తీస్తున్నాయని చూపించకు. ఆ ఇంజన్లను మొదటి నుంచీ టర్బో కోసమే గీశారు: పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మి గాలిని చల్లబరుస్తారు, రాడ్లూ పిస్టన్లూ బేరింగులూ ఆ భారానికి తగినట్టు చేస్తారు. నీ క్లచ్ ప్లేటు కూడా 115 లెక్కకు వేసినదే, అది ముందే జారడం మొదలుపెడుతుంది.

టర్బో లేని కారుకు కంపెనీ పెట్టే మ్యాప్ సెన్సర్ (ఇంజన్ పీల్చే గాలి ఒత్తిడిని కొలిచేది) సాధారణంగా వాతావరణ పీడనానికి కాస్త పైవరకే కొలుస్తుంది. దాన్ని మార్చకపోతే బూస్ట్ వచ్చిందన్న సంగతే ఈసీయూకు తెలియదు, పెట్రోల్ చాలక మిశ్రమం పలుచబడుతుంది. కనుక కనీసం 2 బార్ (వాతావరణ పీడనం కూడా కలిపి) కొలిచే సెన్సర్, తగినంత పెద్ద ఇంజెక్టర్లు, ఎగ్జాస్ట్‌లో మిశ్రమాన్ని కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ తప్పనిసరి. పూర్తి బూస్ట్‌లో గాలి-ఇంధన నిష్పత్తి పెట్రోల్ లెక్కన 11.5, 12 మధ్య ఉండాలి, ఇంజెక్టర్ 85 శాతానికి మించి తెరిచి ఉండకూడదు. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలిస్తే ఆక్టేన్‌కు, అంటే నాకింగ్‌ను తట్టుకునే గుణానికి, మేలే, కానీ అదే గాలికి దాదాపు 8 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. మరొకటి: మల్కాపురంలో రిఫైనరీ ఉన్నంత మాత్రాన ప్రతి బంకులోనూ ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోల్ దొరకదు. అరకు వెళ్తూ శృంగవరపుకోటలో ఏది దొరికితే దాని మీద కూడా నాకింగ్ రాకుండా ట్యూన్ ఉండాలి. అనంతగిరి ఘాట్‌లో రెండో గేరులో నిదానంగా, ఆగకుండా ఎక్కేటప్పుడు రేడియేటర్‌కు ఎదురుగాలి తక్కువ, భారం ఎక్కువ. బీచ్ రోడ్డులో ఒక్క ఊపు పరుగెత్తి బాగుందనుకున్న బండి అసలు రంగు అక్కడే బయటపడుతుంది.

చట్టం సంగతి కూడా చూసుకో. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కంపెనీ వివరాలకు భిన్నంగా మార్పులు చేయడాన్ని అడ్డుకుంటుంది, 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్‌కూ చిక్కు వస్తుంది. రవాణా కార్యాలయంలో అడగకుండా ఒక్క బోల్టు కూడా విప్పించవద్దు.

వాళ్లు సరేనన్నాకే మిగతా పని. ముందు కంప్రెషన్ టెస్టు, లీక్‌డౌన్ టెస్టు (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారుతోందో చూసేది) చేయించు. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటినా, ఏ సిలిండర్‌లోనైనా లీకు 15 శాతం మించినా ఇంజన్ బోరుకు వస్తోందని అర్థం, అలాంటిదానికి 0.1 బార్ కూడా వద్దు. అంకెలు బాగుంటే నాలుగు ప్లగ్గులు విప్పి, ఏది ఏ సిలిండర్‌దో రాసి ఫోటోలు తీసి పంపు. వాటిని చూశాక టర్బో సైజు మాట్లాడుకుందాం. మెకానిక్‌కు అడ్వాన్సు అప్పటిదాకా ఇవ్వకు.

ఇట్లు,
మీ మేనమామ