గేర్ కాలి ఫెయిరింగ్‌ను పాప్ రివెట్లతో కొట్టేయకండి

మీరు అడిగినవి రెండు: సొంతంగా కట్టుకుంటున్న రెండు సీట్ల అల్యూమినియం విమానంలో గేర్ కాలు (చక్రాన్ని మోసే కాలు) ఫ్యూజిలేజ్‌ను, అంటే విమానం మొండేన్ని, కలిసే చోటికి ఫెయిరింగ్ (గాలి సాఫీగా జారిపోయేలా కప్పే తొడుగు) ఎలా చేయాలి, దాన్ని పాప్ రివెట్లతో బిగిస్తే చాలా అని. రెండోదానికి ముందు చెబుతాను: వద్దండి. బెంగళూరు జక్కూరు ఎయిర్‌ఫీల్డ్ దగ్గర షెడ్డులో మా మిత్రుడి విమానానికి ఈ పని చేశాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది.

ఆ ఫెయిరింగ్ కింద ఉండేవి కాలి బోల్టులు, బ్రేక్ లైను. ఫెయిరింగ్ విప్పి వాటిని చూడటం సులువుగా ఉంటేనే మనిషి చూస్తాడు. రివెట్ కొడితే లోపల పగులు వచ్చినా బయటికి తెలియదు. పైగా పలచని ఫైబర్‌లో రివెట్ ఉబ్బి, రంధ్రం చుట్టూ చీలికలు తెస్తుంది. స్క్రూ, దాని కింద వాషర్, లోపల నట్‌ప్లేట్ (రేకుకు కదలకుండా బిగించిన నట్), ఇదే సరైన పద్ధతి. రంధ్రం మధ్య నుంచి ఫైబర్ అంచుకు స్క్రూ వ్యాసానికి మూడింతల దూరం వదలండి. నట్‌ప్లేట్ కోసం స్కిన్‌లో (విమానం పైరేకులో) డ్రిల్ పెట్టే ముందు మాత్రం డ్రాయింగ్ చూడండి. లాంగెరాన్ (ఫ్యూజిలేజ్ పొడవునా బరువు మోసే బద్దె) దగ్గరైతే డిజైనర్‌ను అడగకుండా చేయి వేయవద్దు.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. కాలు కదులుతుంది. నేల మీద బరువు పడ్డప్పుడు ఒక తీరుగా, గాల్లో వేలాడుతున్నప్పుడు ఇంకో తీరుగా ఉంటుంది. అందుకే విమానాన్ని జాక్ మీద లేపి, చక్రాల మీద బరువు లేకుండా చేసి, అప్పుడే అచ్చు తీయాలి. ఫెయిరింగ్‌ను ఫ్యూజిలేజ్‌కు మాత్రమే బిగించి, కాలి చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల సందు వదలాలి. రెండు వైపులా బిగిస్తే లాండింగ్‌లలో అదే చీలిపోతుంది.

ఇక చేయడం. కాలికీ స్కిన్‌కూ బ్రౌన్ టేప్ అంటించి పైన వ్యాక్స్ రుద్దండి. మూలలో పిల్లలు ఆడుకునే క్లే నింపి, స్పూను వీపుతో లాగుతూ గుండ్రంగా దిద్దండి. ముందు భాగంలో చిన్న వంపు చాలు. వెనక భాగంలోనే గాలి స్కిన్‌ను వదిలి సుడులు తిరుగుతుంది కాబట్టి అక్కడ వంపు పెద్దదిగా, మెల్లగా సన్నబడుతూ పోవాలి. నేనైతే ఎక్కువ సమయం ఈ వెనక భాగం మీదే పెడతాను. వేగం 80 నుంచి 120 నాట్లకు పెరిగితే డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) రెండుంపావు రెట్లవుతుంది, ఆ శ్రమంతా అక్కడే తిరిగొస్తుంది.

బెంగళూరులో ఫైబర్ సామాన్లంటే షాపువాళ్లు ముందు పాలిస్టర్ రెసిన్ చేతికిస్తారు. అచ్చుకు థర్మోకోల్ వాడితే ఆ రెసిన్ దాన్ని కరిగించేస్తుంది. ఎపాక్సీయే అడిగి తీసుకోండి. ఈ ఊరికి ఫైబర్ పని కొత్త కాదు, ఎన్ఏఎల్ (నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్) వాళ్ల కాంపోజిట్ విమానం హంస 1993లో ఎగిరింది ఇక్కడే. గ్లాస్ బట్టను 45 డిగ్రీల కోణంలో కత్తిరిస్తే వంపుల్లో ముడతలు పడకుండా కూర్చుంటుంది. క్లే మీద ఎపాక్సీతో మూడు నాలుగు పొరలు, స్క్రూల వరుసలో అదనంగా రెండు. హార్డెనర్‌ను కాటాలో తూచే కలపండి, ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందనుకోవడం తప్పు. వానాకాలంలో పైన జిడ్డు పొర వస్తే నీళ్లతో కడిగి, ఎమరీ కొట్టాకే తర్వాతి పొర వేయండి. గ్లోవ్స్, మాస్క్ తప్పనిసరి, ఎపాక్సీ అలర్జీ ఒకసారి పట్టుకుంటే వదలదు.

మిగిలిన గుంటలకు మైక్రోబెలూన్లు (సన్నని బోలు గుళికల పొడి) కలిపిన ఎపాక్సీ లప్పం. గారెల పిండి గట్టితనం వచ్చేదాకా కలపండి, లేకపోతే నిలువు గోడ మీద జారిపోతుంది.

కింది అంచున నీళ్లు పోయేందుకు చిన్న రంధ్రం పెట్టండి. ముదురు రంగు వద్దు, తెలుపు వేయండి, ఎండకు వేడెక్కితే గది వేడికి గట్టిపడిన ఎపాక్సీ మెత్తబడుతుంది. బిగించాక ప్రతి స్క్రూ తల మీద పెయింట్ గీత పెడితే, వదులైనదేదో ఎగిరే ముందు చేసే ప్రీఫ్లైట్ తనిఖీలో కంటికే తెలుస్తుంది. రెండు ఫెయిరింగ్‌ల బరువూ తూచి, బరువు-బ్యాలెన్స్ షీటులో రాయడం మరవకండి.