రూ.25,000 సిప్ కంటే ముందు తేల్చుకోవలసిన లెక్క

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రైవేటు బడిలో టీచర్‌ని, జీతం 27,000. మా వారు మందుల కంపెనీలో పనిచేస్తారు, చేతికి 58,000 వస్తుంది. ఏడో తరగతి, మూడో తరగతి చదివే పిల్లలిద్దరు, 72 ఏళ్ల మామగారు మాతో ఉంటారు. అద్దెతో కలిపి నెల ఖర్చు 56,000, చీటీకి 8,500 పోతే 20,000 మిగులుతుందని నిరుడు జనవరిలో ఆ మొత్తంతో సిప్ (నెల నెలా మ్యూచువల్ ఫండులో డబ్బు వేయడం) మొదలుపెట్టాం. మూడు నెలలకే ఆపేశాం. జూన్‌లో ఆ 60,000 కూడా వెనక్కి తీసుకున్నాం. ఇప్పుడు బంగారం మీద 90,000 అప్పు, క్రెడిట్ కార్డు మీద 45,000 బాకీ ఉన్నాయి. నిరుటి సంగతి తలచుకుంటేనే సిగ్గుగా ఉంది. దాన్ని వదిలేసి ఈ జనవరి నుంచి 25,000తో గట్టిగా మొదలుపెట్టాలనుకుంటున్నాం. ఏ ఫండు మంచిది?

జవాబు: ఫండు పేరు ఈ రోజు చెప్పను. చెబితే మళ్లీ జూన్ లోపే ఆగిపోతుందని ఉత్తరంతో పాటు మీరు పంపిన అంకెలే అంటున్నాయి. అంత ఓపికగా రాసి పంపారు కాబట్టి మీ నిరుటి సంవత్సరాన్ని లెక్కగట్టడం సాధ్యమైంది. దాన్ని వదిలేయవద్దు. ఈ ఏడాది ఎంత పెట్టగలరో చెప్పే సాక్ష్యం మీ దగ్గర అదొక్కటే ఉంది.

ముందుగా రెండు తేదీలు తీసుకుందాం. నిరుడు జనవరి 1న బ్యాంకులో 40,000, చీటీకి అప్పటిదాకా కట్టింది 96,000, మీ వారి పీఎఫ్‌లో 3,10,000 ఉన్నాయి. అప్పు లేదు. అంటే 4,46,000. డిసెంబరు 31న బ్యాంకులో 18,000, చీటీలో 1,98,000, పీఎఫ్‌లో సుమారు 3,64,000 ఉన్నాయి. మొత్తం 5,80,000. ఇందులోంచి బంగారం అప్పు, కార్డు బాకీ కలిపి 1,35,000 తీసేస్తే 4,45,000. ఏడాది పొడవునా ఇద్దరూ ఉద్యోగం చేశాక మీ ఆస్తి ఉన్నచోటే ఉంది.

ఈ అంకె చూసి కుంగిపోకండి. దాని లోపల రెండు వేర్వేరు కథలున్నాయి. చీటీలో 1,02,000 చేరింది. పీఎఫ్‌లో మీ వారి వాటా, కంపెనీ వాటా, 8.25 శాతం వడ్డీ కలిసి 54,000 చేరింది. చేతికి వచ్చే జీతంతో పోలిస్తే ఇది 15 శాతం. కాబట్టి మీరు పొదుపు చేయని వాళ్లు కాదు. నిలిచిన రెండింటినీ గమనించండి. పీఎఫ్ జీతం చేతికి రాకముందే పోతుంది. చీటీ కట్టకపోతే అడిగేవాళ్లుంటారు. ఆగిపోయిన సిప్‌ను మాత్రం ఫోనులో నిమిషంలో రద్దు చేయవచ్చు, ఎవరూ అడగరు. ఇది మీ పట్టుదలకు సంబంధించిన సంగతి కాదు, ఏర్పాటుకు సంబంధించినది.

ఇక రెండో కథ, అప్పు ఎందుకు పుట్టిందన్నది. ఖర్చులు ఎక్కడా రాసుకోలేదని బాధపడ్డారు. రాయకపోయినా ఏడాది ఖర్చు తెలుసుకోవచ్చు. చేతికి వచ్చిన జీతం 10,20,000. అందులో చీటీకి వెళ్లింది 1,02,000. మిగతా 9,18,000కు బ్యాంకులో తగ్గిన 22,000, కొత్తగా చేసిన అప్పు 1,35,000 కలపండి. 10,75,000 వస్తుంది. మీ కుటుంబం నిరుడు ఖర్చు చేసింది ఇంత. దీనికి డైరీ అక్కర్లేదు, రెండు తేదీల నిల్వలు చాలు.

ఇందులో పెద్ద ఖర్చులు మీరే విడిగా రాశారు. జూన్‌లో పిల్లల ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు 1,28,000. సెప్టెంబరులో బీమా ప్రీమియం 36,000. ఆడపడుచు కూతురి పెళ్లికి 55,000. మామగారి కంటి శుక్లం ఆపరేషన్‌కు 38,000. మొత్తం 2,57,000. ఇప్పుడు మీరు సిప్‌కు కేటాయించిన మొత్తం చూడండి. నెలకు 20,000 చొప్పున ఏడాదికి 2,40,000. మీరు మిగులు అనుకున్న డబ్బు ఫీజులకు, ప్రీమియానికి, పెళ్లికి ముందే చెందిపోయి ఉంది. జనవరిలో దాన్ని ఫండులో వేశారు, జూన్‌లో బడి దాన్ని అడిగింది. నేను చూసిన మధ్యతరగతి ఇళ్లలో కొత్త సంవత్సరపు లక్ష్యాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నెలవారీ ఖర్చు తీసేసి మిగిలిందంతా పొదుపు అనుకుంటాం. ఏడాదికోసారి వచ్చే ఖర్చు ఏ నెల పద్దులోనూ కనిపించదు.

వీటిని అనుకోని ఖర్చులని రాశారు. ఆ మాటను నేను ఒప్పుకోలేను. బడి ఏటా జూన్‌లోనే తెరుస్తారు. ప్రీమియం తేదీ పాలసీ మీదే ఉంటుంది. పెళ్లి అంతకు ముందు కార్తీకంలోనే ఖాయమైందని మీరే రాశారు. శుక్లం కూడా చాలావరకు రాత్రికి రాత్రి ముదరదు.

పెద్ద ఖర్చులు తీసేస్తే 8,18,000 మిగులుతుంది, అంటే నెలకు సుమారు 68,000. మీ అంచనా 56,000. నెలకు 12,000 తేడా ఎక్కడో ఉంది. అది ఎక్కడో నేను ఊహించి చెప్పడం సబబు కాదు. ఫిబ్రవరి, జూలై, అక్టోబరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, యూపీఐ చెల్లింపులు, కార్డు బిల్లులు తీసుకుని ఒక ఆదివారం ఇద్దరూ కూర్చోండి. ఒకటి మామూలు నెల, ఒకటి బడి మొదలయ్యాక వచ్చే నెల, ఒకటి పండుగల నెల కాబట్టి ఈ మూడూ చాలు. వెయ్యి రూపాయలు దాటిన చెల్లింపులు ముందు చూడండి, టీ ఖర్చుల జోలికి వెళ్లవద్దు. బంధువులకు చేబదులు ఇచ్చి ఉంటే అది ఖర్చు కాదు, రావలసిన బాకీగా వేరే రాయండి. ఎవరు ఖర్చు పెట్టారన్న ప్రశ్న ఆ పూటకు పక్కన పెట్టండి. ఆ ప్రశ్న వచ్చిన ఇంట్లో ఈ పని సగంలోనే ఆగిపోతుంది, పిల్లల ముందు అయితే ఇంకా కష్టం.

ఇప్పుడు ఈ ఏడాది సంగతి. ఫీజులు కొంత పెరుగుతాయి కాబట్టి 1,40,000, ప్రీమియం 36,000, పండుగలు, శుభకార్యాలకు 34,000 అనుకుందాం. మొత్తం 2,10,000, నెలకు 17,500. మీ మొదటి లక్ష్యం ఇదే. దీనికి వేరే బ్యాంకులో ఒక పొదుపు ఖాతా తెరిచి, జీతం పడిన మరునాడే దానంతట అదే అక్కడికి వెళ్లేలా చెప్పండి. ఆ ఖాతాకు యూపీఐ కలపవద్దు. జూన్ నాటికి లక్ష దాకానే పోగవుతుంది కాబట్టి ఫీజును విడతలుగా కట్టనిస్తారేమో బడిలో ఇప్పుడే అడగండి. చాలా బళ్లు ఒప్పుకుంటాయి, కాకపోతే ముందుగా అడగాలి. మీరే టీచర్ కనుక ఆ అడిగే పద్ధతి మీకు తెలుసు.

నెలకు 17,500 రావాలంటే ఇంటి ఖర్చు 68,000 నుంచి 59,000కు దిగాలి. తేలిక కాదని తెలుసు. అందుకే 25,000 అన్న అంకె నాకు భయం కలిగిస్తోంది. నిరుడు 20,000 దగ్గర ఓడిపోయాక ఇంకా పెద్ద అంకె పెట్టుకోవడం పశ్చాత్తాపం లాంటిది, ప్రణాళిక కాదు.

కార్డు బాకీ మాత్రం ఈ నెలలోనే తీరాలి. కనీస మొత్తం కడుతూ వస్తున్నామని రాశారు. కార్డుల మీద వడ్డీ సాధారణంగా నెలకు మూడు నుంచి మూడున్నర శాతం పైమాటే. మూడున్నర అనుకుంటే 45,000కు నెలకు 1,575, ఏడాదికి దాదాపు 19,000. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే మనం ఉలిక్కిపడతాం. ఇది అంతకంటే ఎక్కువ. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్న వస్తువులకు కూడా వడ్డీ లేని గడువు దొరకదు. ఇంట్లో ఇంకొంచెం బంగారం ఉందన్నారు కదా, దాన్ని బ్యాంకులోనే కుదువపెట్టి కార్డు తీర్చేయండి. బంగారం అప్పు 12 శాతానికి దొరికినా ఏడాదికి 5,400 వడ్డీ అవుతుంది. ఒక్క షరతు, అప్పు తీరేవరకు కార్డు బీరువాలో ఉండాలి. ఈ షరతు కుదరదనిపిస్తే ఈ సలహా పాటించవద్దు, రెండు అప్పులూ మిగులుతాయి. ఏప్రిల్‌లో మీ వారికి జీతం పెరుగుతుందన్నారు. ఆ పెంపు మొత్తం బంగారం విడిపించడానికే.

మామగారి విషయం. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స అందుతుంది. ఆధార్‌తో నమోదు చేయించండి. మీ వారి కంపెనీ ఆరోగ్య బీమాలో ఆయన లేరు కాబట్టి ఇది వెంటనే జరగాలి. రెండో కంటికి కూడా ఆపరేషన్ అవసరం పడవచ్చు, దగ్గర్లో ఈ పథకం వర్తించే ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కోండి.

బీమా పాలసీ కట్టాలా, ఆపాలా అన్నది సెప్టెంబరు లోపు తేల్చుకోవచ్చు. పాలసీ పత్రాల నకలు పంపితే చూసి చెబుతాను.

చివరగా చీటీ. ఇంకా 26 నెలలుంది. అప్పులు చూసి భయపడి ఇప్పుడే చీటీ ఎత్తాలని మీ వారు అంటున్నారని రాశారు. ఎక్కువ తగ్గింపుకు వేలం పాడి తెచ్చే డబ్బులో 1,35,000 అప్పులకు పోయినా, మిగతా రెండు లక్షల పైచిలుకు పొదుపు ఖాతాలో కనిపిస్తూ ఉంటుంది. నిరుటి లెక్క చూశాక అది నిలుస్తుందని నేను అనుకోవడం లేదు. ఆ తర్వాత కూడా నెల నెలా వాయిదా కట్టాలి, జామీను చూపాలి. ప్రస్తుతం పాడవద్దు. ఈలోగా ఆ సంస్థ చిట్ ఫండ్ల చట్టం, 1982 కింద ఆ గ్రూపును నమోదు చేసిందో లేదో చిట్స్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అడగండి. మీ కుటుంబం పోగుచేసిన దానిలో పీఎఫ్ తర్వాత పెద్ద మొత్తం అక్కడే ఉంది. వచ్చే డిసెంబరు 31న మళ్లీ ఇవే నిల్వలు రాసి పంపండి, కార్డు బాకీ సున్నా అయి, ఫీజుల ఖాతా నిలిస్తే ఫండు గురించి అప్పుడు మాట్లాడుకుందాం. అప్పటి మిగులు 5,000 అయితే 5,000తోనే మొదలుపెడదాం.