కొత్తగా బండి పట్టిన కొడుకుకు మద్యం, ఫోన్ గురించి ఎలా చెప్పాలి? ఒక మాస్టారి అనుభవం

గుంతకల్లు నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "మా అబ్బాయికి 18 ఏళ్లు నిండాయి. ఎల్ఎల్ఆర్ వచ్చింది, వచ్చే నెల లైసెన్స్ పరీక్షకు వెళ్తాడు. స్నేహితులతో కలిసి రాత్రిళ్లు హైవే మీద ధాబాలకు వెళ్లడం ఇప్పటికే మొదలైంది. తాగి బండి నడపొద్దు, నడుపుతూ ఫోన్ చూడొద్దు అని ఎన్నిసార్లు చెప్పినా 'తెలుసు నాయనా' అని లేచి వెళ్లిపోతాడు. వాడి మనసుకు ఎక్కేలా ఎలా చెప్పాలి?"

మీ అబ్బాయి అబద్ధమేమీ చెప్పడం లేదండి, వాడికి నిజంగానే తెలుసు. ఎల్ఎల్ఆర్ పరీక్షలో మద్యం గురించిన ప్రశ్న వచ్చి ఉంటే సరైన జవాబే గుర్తుపెట్టి ఉంటాడు. అయితే ఆ జవాబుతో పాటు, ఫోన్ చూస్తూ నడిపినా ఏమీ కాని రోజులు కూడా వాడి లెక్కలో చాలా ఉన్నాయి. అలాంటి ఒక్కొక్క రోజూ "నాకేం కాదు" అనే నమ్మకాన్ని కొంచెం గట్టిపరుస్తుంది. మన మాట పోటీ పడవలసింది ఆ నమ్మకంతోనే కాబట్టి, ఉపదేశం అక్కడ ఎందుకూ పనికిరాదు. నేను అనంతపురం జిల్లా ప్రభుత్వ పాఠశాలల్లో భౌతిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా చెల్లెలి కొడుక్కి బండి నేర్పవలసి వచ్చినప్పుడు నేను కూడా మీలాగే ఉపదేశంతో మొదలుపెట్టి, మీలాగే భంగపడ్డాను. ఆ తరువాత ఏం చేశానో చెప్పే ముందు, నాకు జరిగిన ఒక ప్రమాదం గురించి చెప్పాలి.

2011లో, సంక్రాంతి వెళ్లిన వారం, ఉరవకొండ వైపున్న మా బడి నుంచి మోటారు సైకిల్ మీద అనంతపురానికి వస్తున్నాను. కూడేరు దాటాక పొద్దు గూకింది. ఆ కాలంలో మన వైపు రోడ్లు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు, కంది కట్టెను సగం రోడ్డు మీద పరిచి, దాని మీదికి బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. ఆ రాళ్లలో ఒకదాని మీదికి నా బండి ముందు చక్రం ఎక్కింది. నేను ఎగిరి పక్కన పడ్డాను, భుజం దగ్గరి ఎముక విరిగింది. ఆ కంది కట్టె కాచుకుంటున్న పెద్దమ్మే తన తుండుగుడ్డతో నా చెయ్యి మెడకు కట్టి, దారిన పోయే ఆటో ఆపి ఎక్కించింది. రెండు నెలలు చెయ్యి కదల్చలేకపోయాను. చూడడానికి వచ్చిన బంధువుల్లో సగం మంది డాక్టరు కట్టు విప్పించి పుత్తూరు కట్టుకు తీసుకుపోదామన్నారు, మిగిలిన సగం మంది రోడ్డు మీద రాళ్లు పెట్టే రైతులను తిట్టారు. వాళ్లతో కలిసి నేను కూడా తిట్టాను. స్టాఫ్ రూములో, పెళ్లిళ్లలో, ఎవరు అడిగినా "చీకట్లో రోడ్డు మీద రాళ్లండీ" అనే చెప్పేవాణ్ణి. ఆ క్షణంలో నా మెడ ఒక పక్కకు వంగి ఉందనీ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ బిగించుకుని వచ్చేటప్పుడు పాలు తేవాలా వద్దా అని మా ఇంట్లో ఆవిడతో మాట్లాడుతున్నాననీ, తలకు హెల్మెట్ లేదనీ ఎవరికీ చెప్పలేదు. ఆవిడకు తెలుసు, అయినా నా పరువు కోసం పైకి అనలేదు.

ఇక మా మేనల్లుడి సంగతి. వాడు మొదటి వారంలోనే బండి ఆపకుండా జేబులోంచి ఫోన్ తీసి చూశాడు. "రెండు సెకన్లే కదా మామా" అన్నాడు. నేను వాదించలేదు. ఊరి బయట ఖాళీ మైదానానికి తీసుకెళ్లి, బండి స్టాండు వేయించి, వాట్సాప్‌లో వచ్చిన మామూలు సందేశం ఒకటి తెరిచి చదివి మళ్లీ తలెత్తమన్నాను. నా చేతి గడియారంలో అది నాలుగు సెకన్లు. తరువాత లెక్క వాడితోనే వేయించాను. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు, నాలుగు సెకన్లకు 67 మీటర్లు. కాగితం మీద రాస్తే అది వట్టి అంకె. అందుకని బండి దగ్గర నుంచి ఆ 67 మీటర్లూ అడుగులు లెక్కపెడుతూ నడవమన్నాను. తొంభై అడుగులకు దగ్గరగా వచ్చాయి. అక్కడ నిలబడి వెనక్కి చూడమన్నాను. బండి చిన్నదిగా కనిపించింది. ఆ మధ్యలో ఉన్న నేలంతా కళ్లు మూసుకుని దాటినట్టే లెక్క. కళ్లు తెరిచాక కూడా, ఎదురుగా ఉన్నది గొర్రెల మందా, మనిషా అని పోల్చుకుని కాలు బ్రేకు మీదికి పోవడానికి మరో సెకను, అంటే మరో 17 మీటర్లు పోతాయి. బ్రేకు పట్టుకోవడం ఆ తరువాతి సంగతి. వేగం రెట్టింపయితే బ్రేకు పట్టాక బండి ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుందని వాడు ఇంటర్‌లో చదివే ఉన్నాడు, మార్కులు కూడా తెచ్చుకున్నాడు. అంత దూరం నడిచి చూడడం మాత్రం అదే మొదటిసారి.

వాడు అక్కడే నిలబడి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అడిగాడు: "మామా, కూడేరు దగ్గర నువ్వు ఎన్ని అడుగులు చూడలేదు?" వాళ్లమ్మకు మా ఆవిడ ఎప్పుడో చెప్పిందట. ఇన్నేళ్లు దాచిన విషయం ఆ మైదానంలో వాడి ముందు ఒప్పుకున్నాను. నేను వాడికి నేర్పిన వాటిలో నిజంగా పనిచేసినది అదేనని నా అభిప్రాయం. మీకు కూడా, కనీసం ఒక్కటైనా, అలాంటి సంఘటన ఉండే ఉంటుంది. మీ అబ్బాయికి ముందు అది చెప్పండి, తప్పు ఎవరిదో దాచకుండా చెప్పండి.

ఇంకొక మాట, ఇది మీకు కొంచెం కటువుగా ఉండవచ్చు. బండి మీద ఉన్న పిల్లల జేబులో మోగే ఫోన్లలో స్నేహితులవి ఎన్నో చెప్పలేను గానీ, "యాడున్నావురా" అని అడిగే తల్లిదండ్రులవి మాత్రం తక్కువేమీ కావు. మన ఫోన్ ఎత్తకపోతే కోప్పడతాం, ఎత్తితే చేతులారా ప్రమాదంలోకి నెడతాం. ఇప్పుడు నేను ఎవరికి ఫోన్ చేసినా మొదట "బండి మీద ఉన్నావా" అని అడిగి, ఔనంటే మరో మాట లేకుండా పెట్టేస్తాను. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి నిజమే. మనసు మాత్రం మాటల వెంటే ఉంటుంది, కళ్ల ముందున్నది కూడా దానికి ఆనదు. మేనల్లుడి ఫోన్ ఇప్పుడు బండి ఎక్కే ముందే సైలెంట్‌లో పడి సంచిలోకి పోతుంది. జేబులో ఉంటే చెయ్యి ఊరుకోదని వాడే అన్నాడు.

మద్యం విషయంలో లెక్క వేరేగా చెప్పాలి, ఎందుకంటే ఆ స్థితిలో లెక్క వేయవలసిన బుర్రే ముందు దెబ్బతింటుంది. తాగినవాడు తాను బాగానే ఉన్నాననుకోవడం పొగరు కాదు, తన పరిస్థితిని తాను అంచనా వేసుకునే శక్తి మొదటి గ్లాసుతోనే తగ్గుతుంది. పైగా తాగిన మద్యం రక్తంలో పూర్తిగా కలవడానికి అరగంట నుంచి గంట, కడుపు నిండా తింటే ఇంకా ఎక్కువసేపు పట్టవచ్చు. ధాబా దగ్గర బండి తీసేటప్పుడు నిలకడగా ఉన్నవాడికి పది కిలోమీటర్లు పోయాక మత్తు పెరగడం అందుకే. చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. కాలేయం గంటకు ఇంచుమించు 15 మిల్లీగ్రాములనే తగ్గించగలదు. రాత్రి 11 గంటలకు 120 ఉన్నవాడికి తెల్లవారి 5 గంటలకు కూడా 30 దగ్గరే ఉంటుందన్న మాట. నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం ఈ లెక్కను ఒక్క గంట కూడా ముందుకు జరపలేవు, మెలకువగా ఉన్న తాగుబోతును మాత్రం తయారుచేస్తాయి. పెళ్లి మరునాడు పొద్దున్నే కారు తీసేవాళ్లలో ఎంతమంది ఇది ఆలోచిస్తారో!

"నా ప్రాణం, నా ఇష్టం" అనే కుర్రవాడికి నేను చిన్నటేకూరు సంగతి గుర్తుచేస్తాను. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున, కర్నూలు దాటి డోన్ వైపు వచ్చే ఆ హైవే మీద, వానలో ఒక బైకు పడిపోయింది. హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకు మీదికి వచ్చి, దాన్ని ఈడ్చుకుంటూ పోయింది. మంటలు లేచి బస్సులోని 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. బైకు నడిపిన యువకుడు అప్పటికే చనిపోయి ఉన్నాడు, అతను మద్యం తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. ఆ బస్సులో నిద్రపోతున్నవాళ్లకు అతనెవరో తెలియదు, వాళ్లెవరో అతనికీ తెలియదు. బస్సులో మంట అంతగా ఎందుకు పెరిగింది, తలుపులు ఎందుకు తెరుచుకోలేదు అన్న ప్రశ్నలు వేరే ఉన్నాయి, వాటికి జవాబు చెప్పవలసినవాళ్లు కూడా ఉన్నారు. నేను మేనల్లుడికి చెప్పింది ఒక్కటే, ఆ రాత్రి రోడ్డు మీద పడి ఉన్నది ఒక మామూలు బైకు.

నిద్ర గురించి కూడా చెప్పండి. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడి చురుకుదనానికి దగ్గరగా పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. రాత్రి రెండు నుంచి తెల్లవారి అయిదు మధ్య శరీరం ఎంత ఆపినా నిద్రకే మొగ్గుతుంది. 2021 ఫిబ్రవరి 14న వెల్దుర్తి మండలం మాదార్పురం దగ్గర టెంపో వాహనం డివైడర్ దాటి లారీని ఢీకొని 14 మంది పోయినది కూడా ఆ వేళలోనే. అందుకే పోలీసులు రాత్రిపూట లారీలు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపుతుంటారు. అది మంచి పనే, కానీ దాంతో వచ్చే మెలకువ కొద్దిసేపే. జలుబు, దగ్గు మందుల్లో కొన్ని నిద్ర తెస్తాయి, మందుల షాపులో అడిగి తెలుసుకునే అలవాటు చేయించండి.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. తాగి నడుపుతూ మొదటిసారి దొరికితే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రెండోసారికి 2 ఏళ్లు, 15,000. తాగి నడిపి సొంత బండి పాడుచేసుకుంటే బీమా కంపెనీ ఆ నష్టం ఇవ్వదు. మీ అబ్బాయికి 18 నిండాయి కాబట్టి ఈ మాట మీకు వర్తించదు గానీ, ఇంట్లో తమ్ముడు ఉంటే గుర్తుంచుకోండి: మైనరుకు బండి ఇస్తే తండ్రికి గానీ బండి యజమానికి గానీ 3 ఏళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఎల్ఎల్ఆర్ మీద ఉన్నన్నాళ్లు ఎల్ బోర్డు ఉండాలి, వెనక కూర్చునేది లైసెన్స్ ఉండి నేర్పే మనిషే అయి ఉండాలి. స్నేహితుణ్ణి ఎక్కించుకుని ధాబాకు పోవడం ఇప్పటికే నేరం. ఇవన్నీ చెప్పాలి, కానీ చలానా భయం పోలీసు కనిపించే కూడలి దాకానే పనిచేస్తుంది. లైసెన్స్ పరీక్షలో ఎనిమిది వేసి గట్టెక్కినవాడికి, రాత్రి హైవే మీద ఎదుటి లైట్లు కళ్లలో పడితే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. ఆ పని మీరే చేయాలి, కనీసం నాలుగైదు రాత్రులు వెనక కూర్చుని.

చివరగా, నేను వాడితో చేసుకున్న ఒప్పందం. "నువ్వు తాగినా, బండి తీసేవాడు తాగినా, ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి. వచ్చి తీసుకుపోతాను. ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగను, మీ అమ్మకు నువ్వే చెప్పేదాకా నేను చెప్పను." మా చెల్లెలికి ఈ సంగతి తెలిసినప్పుడు "తాగమని నువ్వే చెబుతున్నట్టుంది కదన్నా" అని నొచ్చుకుంది. ఆమె బాధలో న్యాయం లేకపోలేదు. అయినా ఆ వయసు పిల్లలు ఇంట్లో తిట్లకు భయపడినంతగా రోడ్డుకు భయపడరు, తిట్లు తప్పించుకోవడానికే తాగినవాడి బండి ఎక్కి ఇంటికి వచ్చేస్తారు. మీరు ఇలాంటి మాట ఇస్తే మాత్రం తప్పకండి. ఒక్కసారి దారిలో కేకలేశారా, రెండోసారి ఫోన్ రాదు.

నాకు ఇప్పటికి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి రాత్రి పదకొండున్నరకు, గుత్తి రోడ్డులో ఒక ధాబా దగ్గర నుంచి. వాడు తాగలేదు, వాడిని దింపవలసిన స్నేహితుడు తాగాడు. ఇద్దరినీ కారులో ఎక్కించుకుని వచ్చాను, బైకు మరునాడు వెళ్లి తెచ్చుకున్నారు. రెండోసారి వాన పడుతోంది, నాకు జలుబుగా కూడా ఉంది. గొణుక్కుంటూనే వెళ్లాను, కారు ఎక్కే ముందు గొణగడం ఆపేశాను.