లింకన్ కాగితాలు చదవబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

పరిశోధన కోసం వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో అబ్రహాం లింకన్ కాగితాలు చూడబోతున్నావని మీ అమ్మ చెప్పింది. వాటిలో అధికభాగం లింకన్ రాసినవి కావు, లింకన్‌కు వచ్చినవి. ఆయన రాసిన జవాబులు అందుకున్నవారి ఇళ్లకు చేరి, అక్కడి నుంచి నానా చోట్లకూ పోయాయి. వచ్చినవి కూడా అన్నీ అక్కడే లేవు. గడ్డం పెంచుకోమని 1860 అక్టోబరు 15న పదకొండేళ్ల గ్రేస్ బెడెల్ రాసిన ఉత్తరం డెట్రాయిట్ పబ్లిక్ లైబ్రరీలో ఉంది. కనుక ఏ ఉత్తరం చూసినా, దాని జత ఎక్కడ ఉండవచ్చునో పక్కనే రాసుకో.

కుమారుడు రాబర్ట్ ఈ కాగితాలను 1919లో గ్రంథాలయానికి అప్పగించాడు గానీ, తాను పోయాక 21 ఏళ్ల దాకా ఎవరికీ చూపరాదని దానపత్రంలో షరతు పెట్టాడు. ఆయన 1926 జులై 26న కన్నుమూశాడు కాబట్టి 1947లో అదే తేదీన గాని అవి బయటపడలేదు. అంతకుముందు వచ్చిన జీవిత చరిత్రలను ఆ ఎరుకతో చదువు.

అన్నిటికన్నా ముఖ్యంగా, కాగితం వెనుక వైపునూ కవరునూ చూడకుండా పక్కన పెట్టకు. అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరు గెలిచిన తన జనరల్ మీడ్, ఓడిన దక్షిణాది సేనాని లీ సైన్యాన్ని పొటోమాక్ నది దాటిపోనిచ్చాడన్న బాధతో లింకన్ 1863 జులై 14న ఆయనకు ఒక ఉత్తరం రాశాడు. చదువుతుంటే, ఇది అందుకున్న మనిషి ఎలా తట్టుకున్నాడో అనిపిస్తుంది. అయితే దీన్ని పంపలేదనీ, సంతకం చేయలేదనీ కవరు మీద లింకన్ దస్తూరీతోనే ఉంది. అదే రోజు మీడ్ తనను పదవి నుంచి తప్పించమని కోరాడు. కవరు చూడనివారు అందుకు ఈ ఉత్తరమే కారణమని రాసేయగలరు. నిజానికి మీడ్‌ను నొప్పించింది ఆయన పైఅధికారి, ప్రధాన సేనాధిపతి హాలెక్ పంపిన తంతి.

తేదీ పక్కన ‘ఇన్‌స్ట్’ అని ఉంటే ఈ నెల అనీ, ‘అల్ట్’ అని ఉంటే గత నెల అనీ అర్థం. నెల తప్పితే జవాబు ప్రశ్నకు ముందే పుట్టినట్టు కనబడుతుంది. తేదీతోపాటు ఎక్కడ దొరికిందో ఆ గుర్తు కూడా అప్పటికప్పుడే రాసుకో. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక ఉత్తరానికి నకలు రాసుకుని కట్ట సంఖ్య వేసుకోవడం మరిచాను. మళ్లీ దాన్ని పట్టుకోవడానికి మూడు రోజులు దుమ్ము తిన్నాను. ముందు స్కాన్లు చదివి, అక్షరం కూడని చోట్లు గుర్తు పెట్టుకుని, ఆ తరువాతే గ్రంథాలయం వారిని ప్రశ్న అడుగు.

ఇట్లు,
మీ మామయ్య